నెత్తిన రాసిన అంకె

ఆనో పెజూల, సామోస్ దీవి
1984 సెప్టెంబరు 9

థియానో,

నేను బాగానే ఉన్నాను, నువ్వూ బాగుండాలి. బాగాలేనిది నువ్వు పంపించిన కాగితం ఒక్కటే.

నోటరీ గారి గుమాస్తా మొన్న దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఇక్కడ శిలువ గీత పెట్టు అవ్వా, చాలు" అన్నాడు. నాకు చదువు రాదని వాడికి తెలుసు. చెవులు కూడా లేవనుకున్నాడేమో. చదివి వినిపించమన్నాను. ద్రాక్షతోటలో పై పది వరుసలు స్తమాతావి, కింది పది వరుసలు ఆమె చనిపోయిన తమ్ముడు అర్గీరిస్ కూతురు థియానోవి అని ఉంది. "తప్పు రాశారు, తీసుకుపో" అన్నాను. "ఇరవైలో సగం పది కాదా అవ్వా?" అని నవ్వాడు. "నీ పెళ్లానికి రొట్టెలో సగం ఇస్తానని చెప్పి కొన ముక్క విరిచి పెడతావా" అని అడిగాను. లేచి వెళ్లిపోయాడు.

ఈ ఉత్తరం గుడిలో కీర్తనలు పాడే క్రిసాంథోస్ చేత రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాస్తానని సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. నేను తిట్టినచోట మెత్తగా రాస్తే నాకు తెలిసిపోతుంది. అప్పుడు అతని కలం తొందరపడుతుంది.

నా వ్యాజ్యం విను. మీ తాత ఆ తోటను కొండ ఎలా ఉంటే అలా వేశాడు. పైన సన్నం, కింద వెడల్పు, కూర్చున్న ఆడదాని పావడాలాగా. పైవరుసలో ఐదు చెట్లు పట్టాయి. దాని కింద మూడు ఎక్కువ పట్టాయి. ఆ కింద ఇంకో మూడు ఎక్కువ. అలా వరుసకు మూడేసి పెరుగుతూ బాట దాకా ఇరవై వరుసలు, ప్రతి వరుస కిందా ఒక రాతి కట్ట. ఏ చెట్టు చచ్చినా పక్కదాని తీగ వంచి, మట్టిలో పాతి, ఆ చోట కొత్తది లేపాను. ఒక్క ఖాళీ లేదు. వరుసకు నీకు మేనత్తను. వరుసల సంగతి నాకు చెప్పకు.

మీ తాత పోయేముందు ఏమన్నాడు? "తోటలో పైసగం స్తమాతాకు, కిందిసగం అర్గీరిస్‌కు" అన్నాడు. తోటలో సగం అన్నాడు. కట్టల్లో సగం అనలేదు. చలికాలం కొమ్మలు కత్తిరించేటప్పుడు, మన ద్రాక్షతోటల పునీతుడు త్రిఫోన్ పండుగ నాటికి నా పది వరుసలు అయిపోయేవి. మీ నాన్న మాత్రం ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసాలు సగం గడిచేదాకా కత్తెర దించేవాడు కాదు. నడుం పట్టుకుని, "నీకు తేలిక సగం వచ్చిందే అక్కా" అని మూలిగేవాడు. తేలిక సగం. ఆ మాట అన్నది నేను కాదు.

నువ్వు నీ వాటా రేవులో హోటల్ మనిషికి అమ్ముతున్నావట. నీది నీ ఇష్టం. వాడు చెట్లు పీకి గదులు కడతాడు, అదీ వాడిష్టం. కానీ పదకొండు నుంచి పద్నాలుగు దాకా ఉన్న నాలుగు వరుసలూ కొండ తగలబడిన ఏడు బొగ్గయిపోతే, మళ్లీ లేపింది నేను. మీ నాన్న అప్పుడు ఓడల్లో ఉన్నాడు. వాటి మీద ఎవడి గునపమూ పడదు. నాకు పదిహేను వరుసలు రావాలి. క్రిసాంథోస్, పదిహేను కింద గీత కొట్టు.

సంతకం పెట్టను.

మీ అత్త స్తమాతా
(ఆమె పెట్టిన శిలువ గీత) +

అంతా ఆమె చెప్పినట్టే రాశాను, అమ్మాయీ. కొన్నిచోట్ల కలం దానంతటదే తొందరపడింది. — క్రిసాంథోస్


వోలోస్
1984 సెప్టెంబరు 20

అత్తా, నీ చేతికి ముద్దు.

ఇక్కడ బడులు తెరిచారు. ఈ ఏడు పెద్ద తరగతులు నాకే అంటగట్టారు. తుపాను గాలికి పైకప్పు పెంకులు లేచిపోయి వంటింట్లో బకెట్లు పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవన్నీ నీకు పట్టవని తెలుసు.

ఇరవైలో పది సగమే, అత్తా. మా నాన్నా నువ్వూ ముప్పై ఏళ్లు అలాగే చేసుకున్నారు. ఆయన బతికుండగా నువ్వు ఒక్కసారి నోరు విప్పలేదు. వసంతంలో ఆయన్ని మట్టిలో పెట్టాం, శరత్తు రాగానే నువ్వు వాటా అడుగుతున్నావు. ఇది నాకు ఎలా ఉంటుందో ఆలోచించావా? ఆయన మూలిగిన మూలుగును కూడా సాక్ష్యానికి తెచ్చావు.

నేను తోటను చూసుకోలేను. బస్సెక్కి, పిరేయస్‌లో ఓడెక్కి, ఒక రోజంతా పోతే గానీ మీ ఊరు రాదు. చూసే చెయ్యి లేని తోట మూడేళ్లలో ముళ్లపొద అవుతుందని చిన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే. కొనే ఆయన అక్టోబరు చివర వచ్చే దిమిత్రిస్ పునీతుని పండుగకు ముందే కాగితాలు కావాలన్నాడు. పది వరుసలని మాటిచ్చాను. ఇంకో రెండు నెలలు ఆగమంటే వేరే కొండ చూసుకుంటాడు.

ఆ పదిహేను ఎక్కడి లెక్క అత్తా? నోటికి వచ్చిన అంకె కాదూ?

నీ మేనకోడలు
థియానో


ఆనో పెజూల
1984 అక్టోబరు 1

థియానో,

ఒళ్లు బాగుంది. కోపం ఇంకా బాగుంది.

నీ ఉత్తరం క్రిసాంథోస్ చదివాడు. మట్టి మాట దగ్గర ఆగిపోయి కళ్లజోడు తుడుచుకున్నాడు. "చదువు, తర్వాత ఏడుద్దువుగాని" అన్నాను.

అర్గీరిస్ ఉండగా ఎందుకు అడగలేదంటావు. ఎందుకు అడుగుతాను? వాడి పళ్లూ నా పళ్లూ ఒకే తొట్టిలో తొక్కాం. వాడి గాడిద నా బుట్టలు మోసింది, నా రాళ్లు వాడి కట్టకు వేశాను. తొట్టిలో గీత ఉండదు. సారాయి కాచిన రోజు ఎవరి ద్రాక్ష ఎవరి గొంతు దిగిందో ఎవరు చూస్తారు? సరిహద్దు పరాయివాడు వచ్చినప్పుడే కావాలి. ఆ పరాయివాణ్ని తెచ్చింది నువ్వు. కనుక సరిహద్దు అడగాల్సినదాన్ని నేనయ్యాను.

వాడు మనిషిని పంపించాడు. మూడుకాళ్ల కొయ్యమీద అద్దం పెట్టి చూసి, పదో వరుస కింద ఎర్రరంగు పూసిన కొయ్యలు పాతుతున్నాడు.

"ఏమిటి నాయనా ఇది?"

"సరిహద్దు, అవ్వా."

"ఎవరు చెప్పారు?"

"మ్యాపులో ఉంది."

"అయితే గదులు కూడా మ్యాపులోనే కట్టుకోమను."

వాడు నవ్వాడు. పనివాడు, వాడి తప్పేమీ లేదు. గ్లాసెడు సారాయి, ఒక చీజు ముక్క పెట్టి పంపించాను. ఆ తర్వాత కొయ్యలు పీకాను. గట్టి కొయ్యలు, నా చిక్కుడు తీగకు ఊతగా నిలబడ్డాయి.

ఇప్పుడు అసలు మాట. నువ్వు పిల్లలకు లెక్కలు చెప్పి జీతం తింటున్నావు. మీ తాత తోటను నీ నల్లబల్ల మీద రాయి. పైన ఐదు, వరుసకు మూడేసి ఎక్కువ, ఇరవై వరుసలు. ఎవరిదో చెప్పకు. పై పదిలో ఎన్ని చెట్లు, కింది పదిలో ఎన్ని చెట్లు, పిల్లల్నే తేల్చమను. వాళ్లకు పొలం లేదు, అబద్ధమాడాల్సిన అవసరమూ లేదు. మన దీవిలోనే పూర్వం ఒక లెక్కల ముసలాయన పుట్టాడట, చిక్కుడుకాయలు తినకూడదని శిష్యులకు చెప్పాడట. క్రిసాంథోస్ చెబుతున్నాడు. నీ లెక్క ఆయన దగ్గర నుంచి వచ్చినదైతే కాస్త చూసుకుని చెయ్యి.

మీ అత్త
+


వోలోస్
1984 అక్టోబరు 10

అత్తా,

బల్ల మీద రాశాను.

ప్రతిసారీ ఒకే అంకె పెరుగుతూ పోయే వరుసను మేము అంకశ్రేణి అంటాం. పదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. మన తోటే ఆ పాఠమని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నేను దాన్ని ఎప్పుడూ కింద బాట మీద నుంచి చూసినదాన్నే, అదీ పళ్లు మోసే రోజుల్లో.

పై పది వరుసల్లో నూట ఎనభై ఐదు చెట్లు. కింది పదిలో నాలుగు వందల ఎనభై ఐదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "పైవాళ్లు దీనికి ఎలా ఒప్పుకున్నారు మేడమ్, వాళ్లకు లెక్కలు రావా?" అంది. ఆ ప్రశ్న పాఠంలో లేదని కసిరాను. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆ పిల్లను ఎందుకు కసిరానా అని సిగ్గేసింది.

నీ పదిహేనూ తప్పే, ఒప్పుకో. పదిహేను వరుసలైతే నీకు మూడు వందల తొంభై, నాకు రెండు వందల ఎనభై. అదీ సగం కాదు. సగం ఎక్కడ పడుతుందో కింద రాశాను. నీ వాటా మొత్తం, ఒక్క చెట్టు వదలకుండా, ఇందులోనే ఉంది. కూడితే ఎంతో నేను చెప్పను. చెబితే నమ్మవు. నువ్వు నమ్మే మనిషి చేత కూడించుకో.

13
Σ (5 + 3κ)
κ = 0

గంట కొట్టారు. కొనే ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వు సరేనంటే చెబుతాను.

థియానో


ఆనో పెజూల
1984 అక్టోబరు 15

థియానో,

క్షేమసమాచారాలు అడగను.

నేను నమ్మే మనిషి క్రిసాంథోస్. గుడి పుస్తకాలు నలభై ఏళ్లు చదివినవాడు. కీర్తనల పుస్తకంలో అంకెలు ఉండవని, మన అక్షరాలే అంకెలుగా నిలబడతాయని నీకూ తెలుసు. అతను నీ రాతను దీపం దగ్గర పెట్టి, కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఏముంది?" అన్నాను.

"సిగ్మా. అంటే రెండు వందలు. పక్కన చిన్న గీత పెట్టాలి, పెట్టలేదు. ఈ కాలం టీచర్లు."

"రెండు వందలు ఏమిటి?"

"చెట్లే అయి ఉంటాయి. నెత్తిన పదమూడు ఉంది. పదమూడు వరుసలు కాబోలు. కింద..." అని ఆగిపోయాడు.

"కింద ఏముంది, చెప్పవయ్యా."

"కప్పా అంటే ఇరవై. ఇరవై సమానం సున్నా అని రాసింది, స్తమాతా."

ఇరవై సమానం సున్నా. మీ తాత ఇరవై వరుసలు సున్నా అని నా మొహాన రాసి పంపించావు. నీ చదువంతా ఇందుకా? రెండు వందల చెట్లు నాకు పారేసి, పదమూడు వరుసలని పైన ముద్ర వేశావు. నేను లేపిన పద్నాలుగో వరుస ఎక్కడికి పోయింది? సున్నా అంటే ఏ వరుస? మొదటి వరుస పైన ఉన్నది గాడిదను కట్టే బండ. ఆ బండను నా వాటాలో లెక్కపెట్టావా?

నేను పోట్లాడేదాన్నే గాని వెటకారం భరించేదాన్ని కాను. పద్నాలుగో వరుస కింద కట్ట మీద మోకాలెత్తు రాయి పేర్చడం మొదలుపెట్టాను. నాకు డెబ్బై ఆరేళ్లు, రాళ్లకు అంతకంటే ఎక్కువ. రోజుకు కొన్ని పేరుస్తాను. పొరుగు ఆడవాళ్లు వచ్చి, "కోర్టు ఉంది కదా స్తమాతా, ఎందుకీ తిప్పలు" అంటున్నారు. కోర్టు కాగితాన్ని పీకుతుంది, రాతిని పీకాలంటే నడుం వంచాలి.

ఇక ఉత్తరాలు వద్దు. కొనేవాణ్ని కట్ట దగ్గరికి రమ్మను. నేను అక్కడే ఉంటాను.

స్తమాతా
+

అమ్మాయీ, అక్షరాలు నేను సరిగానే చదివాను. — క్రి.


వోలోస్
1984 అక్టోబరు 19

అత్తా, అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. టీచర్ల గదిలో అందరూ చూశారు.

క్రిసాంథోస్ బాబాయికి నా నమస్కారం. ఆయన గుడి పుస్తకం ప్రకారం సరిగానే చదివారు. కానీ నేను రాసింది గుడి పుస్తకం కాదు. మా లెక్కల్లో Σ రెండు వందలు కాదు. అది ఒక కూలిమనిషి అనుకో. అతని చేతికి బుట్టనిచ్చి చెబుతావు: ఫలానా వరుసలో మొదలుపెట్టు, ఒక్కో వరుసా వదలకుండా వెళ్లు, ప్రతి వరుసలో ఉన్నవన్నీ ఇదే బుట్టలో వెయ్యి, ఫలానా వరుస కాగానే ఆగు. ఎక్కడ మొదలుపెట్టాలో అతని కాళ్ల దగ్గర రాస్తాం. ఎక్కడ ఆగాలో నెత్తిన రాస్తాం. పక్కన రాసేది ఒక్కో వరుసలో ఎన్ని ఉంటాయన్నది. కప్పా ఇరవై కాదు, ఇప్పుడు ఎక్కడున్నామో చూపించే వేలు.

సున్నా తప్పు నాదే, నీ కోపం ఆ మేరకు న్యాయం. మొదటి వరుసలో ఐదు, దానికి మూడు ఇంకా కలవలేదు, అందుకని సున్నా అని మొదలుపెట్టాను. రెండో వరుసకు మూడు ఒకసారి కలిసింది. అలా పద్నాలుగో వరుసకు పదమూడుసార్లు. సున్నా నుంచి పదమూడు దాకా వేళ్లు ముడిచి చూడు, పద్నాలుగు వస్తాయి. మా పుస్తకాల్లో అలా రాయడం అలవాటు. తోటలో మనుషులు ఒకటి నుంచి లెక్కపెడతారని మరిచిపోయాను. నువ్వు లెక్కపెట్టినట్టే మళ్లీ రాస్తున్నాను:

14
Σ (3κ + 2)
κ = 1

వేలు ఒకటి మీద పెడితే మూడు, దానికి రెండు, మొత్తం ఐదు. రెండు మీద పెడితే ఆరు, రెండు, ఎనిమిది. ఆఖరి వరుస దాకా చూసుకో. కూడితే మూడు వందల నలభై మూడు. అవి నీవి, అత్తా. పద్నాలుగో వరుసతో సహా. నువ్వు లేపిన నాలుగు వరుసలూ నీ దగ్గరే.

నిజానికి తోట మొత్తం ఆరు వందల డెబ్బై. సరిగ్గా సగం మూడు వందల ముప్పై ఐదు. పద్నాలుగో వరుసలో ఎనిమిది చెట్లు నీకు ఎక్కువ పడ్డాయి. వదిలెయ్. అవి నేను నీకు ఇచ్చాననుకో.

కొనే ఆయనకు ఫోన్ చేసి ఆరు వరుసలే అని చెప్పాను. "ఆరు వరుసల్లో గదులా మేడమ్, కోళ్లగూడా?" అన్నాడు. ఆలోచించుకుని చెబుతాడట. చెప్పకపోయినా సరే. నాన్నను దొంగ వాటాదారుగా నిలబెట్టి ఆ కాగితం మీద సంతకం చేయలేను. తేలిక సగం అన్నాడంటే ఆయనకూ ఎక్కడో తెలుసు.

ఇంకో మాట. ఆ కూలిమనిషి గుర్తు, సిగ్మా, నీ పేరులో మొదటి అక్షరం.

నీ థియానో


ఆనో పెజూల
1984 అక్టోబరు 30

అమ్మాయీ,

బాగున్నాను. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. లేకపోతే అంత ఉత్తరం రాయలేవు.

క్రిసాంథోస్ రెండురోజులు నా గుమ్మం తొక్కలేదు. మూడోనాడు సంచీ నిండా ఆలివ్ గింజలు తెచ్చి బల్ల మీద వరుసలుగా పేర్చాడు. ఐదు, ఎనిమిది, పదకొండు. గింజలు చాలక శనగలు పోశాం. "ఇదిగో కూలివాడు దిగుతున్నాడు" అంటూ వేలు జరుపుకుంటూ పోయాడు. పద్నాలుగు దగ్గర నేను అతని మణికట్టు పట్టుకున్నాను. "ఆగు. నెత్తిన రాసి ఉంది." బుట్టలో పోసి లెక్కపెట్టాం. నువ్వు చెప్పినన్నే వచ్చాయి. ఆ శనగలే రాత్రికి ఉడకేశాను.

పదిహేను ఎక్కడి లెక్క అని అడిగావుగా. బేరం లెక్క. న్యాయం పద్నాలుగు దగ్గర ఉందో పదమూడు దగ్గర ఉందో నాకేం తెలుసు? పది కాదని మాత్రం నా మోకాళ్లకు తెలుసు. పదిహేను అంటే దిగి దిగి ఎక్కడో సరైన చోట ఆగుతామనుకున్నాను.

ఆగడం గురించి చెబుతాను. మా అమ్మకు వరుసగా ముగ్గురు ఆడపిల్లలు. నాలుగోదాన్ని నేను. మా నాన్న దోసిలి పట్టి దేవుణ్ని అడిగి, నాకు స్తమాతా అని పెట్టాడు. అంటే ఆగు, ఇక ఆడపిల్లలు చాలు అని. నా తర్వాత అర్గీరిస్ పుట్టాడు. పేరు పనిచేసిందని ఊరంతా తీపి పంచారు. వాడు బడికి పోయాడు, నేను మేకల వెంట పోయాను. ఈ పేరును డెబ్బై ఆరేళ్లు శాపంలా మోశాను, థియానో. పిలిచినప్పుడల్లా నాకు ఆగమనే వినిపించేది. మీ పుస్తకాల్లో ఆగమని చెప్పే అంకెను నెత్తిన పెట్టుకుని నిలబడ్డది నా అక్షరమేనని నువ్వు రాస్తే, క్రిసాంథోస్ చేత ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. అది ఆపడానికి పుట్టిన గుర్తు కాదు. ఒక్కటీ వదలకుండా పోగు చేయడానికి పుట్టింది. ఎక్కడ ఆగాలో పని ఇచ్చినవాళ్లు రాస్తారు, అంతే.

నిన్న నోటరీ దగ్గరికి వెళ్లాను. గుమాస్తా నన్ను చూసి కుర్చీ చూపించాడు, ఈసారి నవ్వలేదు. పై పద్నాలుగు వరుసలు స్తమాతావి అని చదివాడు.

"పూర్తిగా కాదు. రాయి" అన్నాను. "పద్నాలుగో వరుసలో తూర్పు కొసన ఎనిమిది చెట్లు థియానోవి."

నోటరీ గారు తల ఎత్తారు. "వదిలేసిందట కదమ్మా ఆవిడ."

"నేను న్యాయం అడిగాను, ముష్టి అడగలేదు. నాది నాకు వచ్చింది. ఆమెది ఆమెకు పోవాలి. ఇంకో మాట కూడా రాయండి. ఆ ఎనిమిదింటిని ఎవరికీ అమ్మకూడదు. నా వరుసలో నుంచి అక్కడికి నడిచే దారి థియానోకు ఉంది, ఆమెకు తప్ప ఇంకెవరికీ లేదు."

"ఆవిడ ఒప్పుకుంటుందా?"

"అది ఆవిడ సంగతి."

అప్పుడు గుమాస్తా శిలువ గీత పెట్టమని కలం ఇచ్చాడు. పెట్టలేదు. సిగ్మా పెట్టాను, క్రిసాంథోస్ చేత శనగల పక్కన రాయించుకుని ముందే నేర్చుకున్నాను. పైన ఒక కొమ్మ, కింద ఒక కొమ్మ, మధ్యలో లోపలికి ముడిచిన మోచెయ్యి. కొమ్మలు వంకర పోయాయి. గుమాస్తా, "ఇదేమిటి అవ్వా?" అన్నాడు. "నా పేరు. మొదలు ఇది, మిగతాది మీరు కూడుకోండి" అన్నాను.

కాగితం నీకు వస్తుంది. నచ్చితే సంతకం పెట్టు, లేకపోతే మానెయ్. కట్ట మీద పేర్చిన రాయి ఎలాగూ నిలబడింది.

నీ అత్త
Σ

ఈ గుర్తు ఆమె చేత్తో పెట్టిందే. నేను ముట్టుకోలేదు. — క్రి.


వోలోస్
1985 జనవరి 24

అత్తా, చేతికి ముద్దు.

కాగితం మీద అప్పుడే సంతకం పెట్టి పంపించాను. అమ్మకూడదన్న మాటతో సహా. నోటరీ గారు చెప్పే ఉంటారు. హోటల్ ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, ఈ వసంతానికి తేలుస్తాడట.

తోట పని మొదలైందని తెలుసు. కానీ నాకు పరీక్ష కాగితాలు గుట్టలుగా ఉన్నాయి, పైకప్పు మళ్లీ కారుతోంది, ఓడలు గాలికి రెండురోజులకోసారి ఆగిపోతున్నాయి. ఆ ఎనిమిది చెట్లకూ నీ కత్తెరే పెట్టెయ్. నీకు ఎంతసేపు? ఎవరూ చూడరు, నేను మాత్రం అడగను.

ప్రేమతో,
థియానో


ఆనో పెజూల
1985 ఫిబ్రవరి 3

థియానో,

మొన్న త్రిఫోన్ పునీతుని పండుగ. ఫాదర్ తోట తోటకూ తిరిగి మంత్రజలం చల్లాడు. నా పద్నాలుగు వరుసలూ అయిపోయాయి. నీ ఆరు వరుసలకు మనిషిని పెట్టాను, అతనూ కానిచ్చాడు. అవి నువ్వు అమ్మేదాకా తోటే కదా, ముళ్లపొద కానివ్వను.

తూర్పు కొసన ఎనిమిది చెట్లు మాత్రం జుట్టు విరబోసుకుని నిలబడ్డాయి. ఫాదర్ చూసి, "ఇవేమిటి స్తమాతా, ఓపిక అయిపోయిందా?" అన్నాడు. "ఓపిక ఉంది, హక్కు లేదు" అన్నాను. బాట మీద పోయేవాళ్లంతా అడుగుతున్నారు. అందరికీ నీ పేరు చెబుతున్నాను. క్రిసాంథోస్ జాలిపడి రాత్రిపూట వెళ్లి కత్తిరిస్తానన్నాడు. చేతులు విరగ్గొడతానన్నాను. ఇది కూడా రాయవయ్యా, కలం తొందరపెట్టకు.

పరాయివాళ్ల చెట్టు మీద నేను కత్తెర పెట్టను. నాది కానిదాన్ని ముట్టనని చెప్పే కదా ఇంత పోట్లాడాను. నెలాఖరుకు కణుపులు ఉబ్బుతాయి. ఆ తర్వాత కోస్తే చెట్టు నీరు కారుస్తుంది. గాలి తగ్గగానే ఓడెక్కు. పైకప్పు నువ్వు లేకపోయినా కారుతుంది, చెట్టు నువ్వు లేకపోతే ఆగిపోతుంది. మీ నాన్న కత్తెరకు సాన పెట్టించాను. పిడికి కొత్త తోలు చుట్టాను, నీ చెయ్యి చిన్నది కదా.

ఈ ఏడు వస్తావు. వచ్చే ఏడూ వస్తావు. కింద ఒకటి రాశాను, ఆ అంకె కూడా నేర్చుకున్నాను. నెత్తిన ఏమీ రాయలేదని క్రిసాంథోస్ గొణుగుతున్నాడు, లెక్క తప్పిందంటున్నాడు. తప్పలేదు. ఎక్కడ ఆగాలో నేను ఇంకా చెప్పలేదు.

Σ
1